నూకాలు సీసా

రెండు గీతలూ కలిసిపోయాయి.

హైమవతి కళ్లజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని కంప్యూటరు తెర చూసింది. కళ్లజోడు తుడిస్తే గీతలు విడిపోతాయా ఎక్కడైనా! మొన్నటిదాకా ఒకటి కిందికి దిగుతూ, రెండోది పైపైనే ఉంటూ, చక్కగా ఎడం అయిన గీతలు. ఇవాళ చూస్తే ఒకదాన్నొకటి కావిలించుకుని పోతున్నాయి. రోగుల ఒంట్లో క్రిముల లెక్క అది: ఒక గీత మందు తాగినవాళ్లది, ఒక గీత చక్కెర నీళ్లు తాగినవాళ్లది. విడిగా ఉంటే మందు పనిచేస్తున్నట్టు. కలిస్తే మందుకీ నీళ్లకీ తేడా లేనట్టు. అంటే మందుని మురిక్కాలవలో పారబోసుకోవచ్చు.

"ఫణీంద్రా, ఎవరు చేశారీ పని?" అంది.

ఏమైందని అడగలేదు చూడండి, ఎవరు చేశారని అడిగింది. మనిషిలో అనుమానం దూరిందంటే అంతే, ముందు ప్రశ్న మారిపోతుంది.

ఫణీంద్ర హైమవతి నడిపే పరిశోధనశాలలో లెక్కలు చూసేవాడు. బట్టతల, నెమ్మదస్తుడు, ఇద్దరు పిల్లల తండ్రి. "దిబ్బలపాలెంలోనే ఇలా ఉంది మేడమ్. మిగతా రెండు ఊళ్లలో గీతలు బాగానే విడిపోయాయి. సీసాలు పంపడంలో పొరపాటు జరిగిందేమో కంపెనీని అడుగుదామా?"

"కంపెనీనా? కంపెనీ వాడు అడిగితే చెప్తాడా? ఎవరికి మందు, ఎవరికి నీళ్లు అన్నది కంప్యూటర్లో తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి సగం నా దగ్గరుంది, సగం నీ దగ్గరుంది."

ఫణీంద్ర మొహం మాడిపోయింది. "నన్నా మేడమ్?"

ఆవిడ మళ్లీ గీతల వైపు తిరిగింది. అంతకన్నా తిట్టినా బావుండేదని ఫణీంద్ర అనుకున్నాడు.

ఇంతకీ సంగతేమిటంటే, ఆ యేడు తీరం పొడుగునా ఉప్పుజ్వరం పట్టుకుంది. ఆ పేరు డాక్టర్లు పెట్టింది కాదు. జ్వరం వచ్చినవాడి చెమట ఆరితే ఒంటి మీద తెల్లగా ఉప్పు పేరుకునేది. నాలిక కొయ్యబారిపోయేది. తట్టుకున్నవాడు లేచి తిరిగేవాడు, తట్టుకోలేనివాడికి కిడ్నీలు ఆగిపోయేవి. తొలి విడతలో ఏదో ఒక కంపెనీ మందు తెచ్చింది. బ్రహ్మాండం అంది. పరీక్షల వివరాలు చూపించమంటే వ్యాపార రహస్యం అంది. తీరా చూస్తే మందు మింగినవాళ్లే ఎక్కువమంది పోయారు, ఆ సంగతి కంపెనీ పెద్దలకి ముందే తెలుసు కూడాను. అప్పట్నించీ సముద్రపొడ్డు ఊళ్లలో తెల్లకోటు కనిపిస్తే చాలు, ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకునేవారు. వేసుకోరూ మరి! పాము కరిచినవాడికి తాడుని చూసినా భయమే.

అందుకే ఈసారి హైమవతి పట్టుబట్టింది. ఏదీ దాచేది లేదు. ఊరూరా ఒక పెద్ద తెర పెట్టించింది. దిబ్బలపాలెంలో అయితే చేపల వేలం షెడ్డులోనే, గోడ నిండా. ఎంతమందికి మందు, ఎంతమందికి నీళ్లు, ఎవరెవరు డబ్బిచ్చారు, ఇవాళ గీతలు ఎక్కడున్నాయి, ఎంతమంది పోయారు, అన్నీ దాని మీద కనిపించాల్సిందే. ప్రయోగం అయ్యాక ఎవరి సీసాలో ఏముండేదో వాళ్లకి మొహం మీదే చెప్తామని మైకులో మాటిచ్చింది.

ఫణీంద్ర అప్పుడే గొణిగాడు. "మధ్యలోనే గీతలు చూపిస్తే ప్రయోగం చెడుతుంది మేడమ్. అన్నం ఉడుకుతుంటే మాటిమాటికీ మూత తియ్యకూడదు."

"మూత పెడితే లోపల ఏం వండుతున్నామో అని అనుమానపడతారు. ఇప్పటిదాకా పడింది చాలు" అంది ఆవిడ.

ఆవిడ ధైర్యమంతా చుక్క మీద. చుక్క ఆవిడ సొంత సృష్టి. జ్వరం ఉన్నవాళ్ల ముంజేతి మీద సూదితో బొట్టంత మందుసిరా దించుతారు. మామూలు కంటికి అది పుట్టుమచ్చ. ఊదారంగు దీపం కింద పెడితే మాత్రం ఒంట్లో క్రిములు ఎక్కువుంటే ఎర్రగా మెరుస్తుంది, తగ్గేకొద్దీ నీలానికి తిరుగుతుంది. రక్తం తియ్యక్కర్లేదు, పట్నం పంపక్కర్లేదు. రంగు మామూలు కంటికి కనపడకుండా కావాలనే అలా చేసింది. రోగికి తనకి మందు దొరికిందో నీళ్లు దొరికాయో తెలిసిపోతే ప్రయోగం అక్కడితో సరి. నర్సు నల్లపెట్టెలో చెయ్యి పెట్టించేది, లోపల దీపం వెలిగేది, పెట్టె చూసి లెక్క పంపేది. బయటివాళ్లకి ఏమీ కనిపించేది కాదు.

మొదటి చుక్క పెట్టించుకున్నది నూకాలు. వాసుపల్లి పైడమ్మ కూతురు. రొయ్యల కంపెనీలో తలలు వొలిచే పని, గలగలా మాట్లాడే పిల్ల, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా నోరు మాత్రం తగ్గలేదు. "పచ్చబొట్టేసి డబ్బులడగని మడిసిని నిన్నే సూసేను డాక్టరమ్మా" అంది. ఊరంతా చుట్టూ నిలబడి చూసింది. పైడమ్మ ఒక్కతే నవ్వలేదు. సూదినీ, సీసానీ, హైమవతి మొహాన్నీ మార్చిమార్చి చూసింది. చేపల బుట్ట కొనేముందు మొప్పలెత్తి చూసే చూపు అది.

"మా గుంట మొదట. తరవాత ఊరు" అంది చివరికి. పైడమ్మ మాటంటే ఆ ఊళ్లో మాటే. పడవలు వేట నుంచి తిరిగొచ్చాక చేపల్ని వాటాలు వేసేది ఆవిడే. ఆవిడ వేసిన వాటాకి మగాళ్లు కూడా ఎదురు చెప్పరు.

అదీ మొదలు. ఇప్పుడీ గీతలు.

*

ఆ సాయంత్రం హైమవతి ఇంటికి వెళ్లేసరికి గేటు బయటే గ్యాసు సిలిండరు నిలబడి ఉంది. సిలిండరు కుర్రాడు లోపలికి తెచ్చిపెట్టలేదు. పనిమనిషి రావడం మానేసి చాలా రోజులైంది. పక్కవాటా ఆవిడ గోడ మీంచి పెరుగు గిన్నె ఇచ్చేది, ఇప్పుడు కిటికీలోంచి పలకరించి కిటికీ వేసుకుంటోంది. ఫోన్లలో ఒక వీడియో తిరుగుతోంది, "నీళ్ల డాక్టరమ్మ" అని. బీదవాళ్లకి నీళ్లు తాగించి మందు అమ్ముకుంటోందట. సగం మందికి నీళ్లిస్తున్నామని మొదటిరోజే మైకులో చెప్పింది తనే! దాచకుండా చెప్పినదాన్నే దొంగతనం బయటపెట్టినట్టు చూపిస్తున్నారు. ఏం చేస్తుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

విశ్వనాథం కంచం పెట్టాడు. భర్త మంచివాడే, ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాడు, రాజకీయం మాట్లాడడు. చారు పోస్తూ పోస్తూ ఆగాడు.

"ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఆ మందు నిజంగా పనిచేస్తుందా?"

"నువ్వు కూడానా!"

"కోప్పడకన్నానా. ప్రెస్సులో పిల్లలు అడుగుతున్నారు. చెప్పాలి కదా."

"తెర మీద ఉంది చూసుకోమను."

"తెర మీద గీతలు కలిసిపోయాయట కదా ఇవాళ. అదీ చూశారు." విశ్వనాథం గరిట కింద పెట్టాడు. "రేపు నాకు జ్వరం వస్తే నువ్వు మందిస్తావా, నీళ్లిస్తావా హైమా?"

సరదాకి అన్నాడో, లోపల ఉన్నదే అన్నాడో ఆవిడకి తెలియలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఈ మనిషి మాటలో ఏది సరదానో తెలియకపోవడం అదే మొదటిసారి. అన్నం సయించలేదు, చెయ్యి కడిగేసుకుంది. ఫణీంద్ర మొహం గుర్తొచ్చింది. వాడూ ఇలాగే ఉండి ఉంటాడు ఇంటికి వెళ్లి. అయినా సరే, వాడు కాకపోతే ఎవరు? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

*

నర్సు వెళ్లే రోజు కాకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆవిడ దిబ్బలపాలెం వెళ్లింది. తప్పు చేసేవాళ్లని పట్టుకోవాలంటే చెప్పి వెళ్లకూడదు కదా. తీరా వెళ్తే అక్కడ ఎవరూ ఏమీ దాచుకుని లేరు.

వేలం షెడ్డులో ఎండెక్కే వేళకే వరస ఉంది. ఆడవాళ్లు, ముసలాళ్లు, చంకల్లో పిల్లలు, చేతుల్లో స్టీలు గ్లాసులు. వరస చివర తిరగేసిన బుట్ట మీద పైడమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా పెద్ద స్టీలు బిందె. పక్కన మూతలు తీసిన మందు సీసాలు కుప్పగా. పైడమ్మ గరిటతో బిందెలోంచి తీసి గ్లాసు గ్లాసుకీ పోస్తోంది, ఒక్క చుక్క ఎక్కువ పోకుండా, తక్కువ పోకుండా. వెనక గోడ మీద తెర. తెర మీద కలిసిపోయిన రెండు గీతలు.

హైమవతి వరస పక్కనించి తోసుకుంటూ ముందుకి వెళ్లింది.

"పైడమ్మా! ఏమిటిది?"

"మందమ్మా. కనపట్నేదేటి?" పైడమ్మ గరిట ఆపలేదు.

"ఎవరి సీసా వాళ్లే తాగాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా!"

"సెప్పేవు. సగం మందికి ఒట్టి నీళ్లనీ నువ్వే సెప్పేవు. ఒక గీత దిగతన్నాది, ఒకటి దిగట్నేదు. మా కళ్లేటి కాయలా? సగం కొంపలు బతుకుతాయి, సగం కొంపలు ఆరిపోతాయని మా షెడ్డులోనే, మా గోడ మీదే ఏసి సూపించేవు. సూసి ఊరుకోమంటావేటి?"

"అందుకని కలిపేశారా! ఎవరికి మందో, ఎవరికి నీళ్లో తెలియకుండానే?"

పైడమ్మ చూపు ఒక్క క్షణం సముద్రం వైపు వెళ్లింది. "కలిపీసాక ఇంక ఎవులిదేటి. వేటకెళ్లినోడికీ వాటా, జొరమొచ్చి మంచమెక్కినోడికీ వాటా. వలలో పడ్డది ఏ ఒక్కడిదీ కాదు. మా తాతల కాడ్నించీ ఇంతే. నీ సీసాలొచ్చినాయని మారిపోతామేటి?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగనేదు. మేమేటి దొంగతనంగా సేసేమా? పట్టపగలు, నలుగురి మజ్జినా సేత్తన్నాం."

హైమవతికి ఏడవాలో అరవాలో తెలియలేదు. అరిచింది. "అయ్యో పైడమ్మా, ఇది చేప కాదు, కోసి పంచడానికి! సగం మోతాదు ఎవరికీ పనిచెయ్యదు. సగం తాడుతో చేద వేస్తే నీళ్లందుతాయా చెప్పు! మందు దొరికినవాళ్లకి కూడా దొరక్కుండా చేశావు కదా!"

గరిట ఆగింది. వరస ఆగింది. చంకలో పిల్ల ఒకర్తి కేర్ మంది. పైడమ్మ మొహంలో ఏమీ కదల్లేదు, గరిట పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి.

మాట మార్చడానికి హైమవతి చుట్టూ చూసింది. "నూకాలు ఏది?"

వరసలో ముందున్న కాసులమ్మ, పైడమ్మ పక్కింటావిడ, చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఎల్లిపోనాదమ్మా" అంది పైడమ్మ. "మొన్న వేకువని."

తెర మీద మొన్న పోయినవాళ్ల అంకె ఒకటి పెరిగిన మాట నిజమే. హైమవతి చూసింది కూడా. ఆ అంకె నూకాలని ఎవరూ చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

*

ఫణీంద్రకి జరిగింది చెప్పి, "నన్ను క్షమించు" అంది. ఫణీంద్ర తల ఊపాడు గానీ మనసు విరిగాక అతుకు వేసినా చార కనపడుతూనే ఉంటుంది. ఇద్దరూ చెరో సగం తాళంచెవీ కొట్టారు. హైమవతి నూకాలు పేరు అడిగింది.

మందు.

ఆ పిల్ల సీసాలో మందే ఉండేది. పంచుకునేదాకా క్రిములు తగ్గుతూనే వచ్చాయి, నర్సు పెట్టె పంపిన లెక్కలో స్పష్టంగా ఉంది. పంచడం మొదలెట్టాక మళ్లీ పెరిగాయి. ఎవరి సీసా వాళ్లే తాగి ఉంటే నూకాలు ఈపాటికి రొయ్యల కంపెనీలో కబుర్లు చెబుతూ ఉండేది. హైమవతి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

తరవాతి పనులు చకచకా జరిగాయి. మిగతా రెండు ఊళ్ల లెక్కలతో మందు పనిచేస్తుందని తేలింది. ఆరోగ్యశాఖ పెద్దలు ఒప్పుకున్నారు. ఇక నీళ్ల సీసాలు లేవు, ప్రయోగం లేదు, దిబ్బలపాలెంలో జ్వరం ఉన్న ప్రతి మనిషికీ పూర్తి మోతాదు మందు ఇవ్వచ్చు. ఊళ్లో ఇంకా ఇల్లిల్లూ జ్వరమే. వాళ్లు తాగితే బతుకుతారు. తాగాలంటే నమ్మాలి. అంతే, ఇంకేం లేదు.

జరిగిందంతా తెర మీద పెట్టాలంది హైమవతి. సీసాలు కలిపి పంచుకున్నారు, అందువల్ల ఈ ఊరి లెక్క చెడింది, గీతల్ని మధ్యలో చూపించడం మా తప్పు, అని దాచకుండా రాయించింది. తన తప్పు తనే ఒప్పుకున్న ఆ మాట చూసి ఫణీంద్ర మెత్తబడ్డాడు.

"మరి ఎవరి సీసాలో ఏముండేదో చెప్తామన్నాం కదా మేడమ్. మాటిచ్చాం."

"చెప్దాం, అందరికీ చెప్దాం." హైమవతి కిటికీ వైపు తిరిగింది. "పైడమ్మకి తప్ప. అదొక్కటి నాకు వదిలెయ్యి."

"ఏం చెప్తారు?"

"నీళ్లని చెప్తాను. తన గరిటతో తనే కూతుర్ని చంపుకుందని ఆ తల్లికి ఎలా చెప్పమంటావు? ఆవిడ బతుకుతుందా ఆ మాట విని?"

"మూత తియ్యొద్దని మొదట అన్నది నేను" అన్నాడు ఫణీంద్ర నెమ్మదిగా. "తీశాక మాత్రం మళ్లీ పెట్టకండి మేడమ్."

ఆవిడ వినిపించుకోలేదు. జాలి అనుకుంది. జాలే, కాదనడానికి లేదు. ఆ జాలి కింద ఇంకో లెక్క కూడా ఉంది. పైడమ్మ కుప్పకూలితే ఊరు సీసా ముట్టుకోదు. పైడమ్మ తాగమంటే ఊరు తాగుతుంది. ఒక్క చిన్న అబద్ధంతో ఊరు నిలబడుతుందంటే ఏ తల్లీ తప్పు పట్టదని తనకి తనే సర్దిచెప్పుకుంది.

*

కొత్త సీసాల వ్యాను వచ్చేసరికి షెడ్డు నిండిపోయింది. వచ్చారు గానీ వచ్చినట్టు లేరు. చేతులు కట్టుకుని, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. "మొన్న సగం నీళ్లన్నారు, ఇయ్యాల అంతా మందంటన్నారు, రేపేటంటారో" అని ఒక ముసలాయన బీడీ విసిరాడు. "దీన్ని కూడా మనమీదే సూత్తన్నారేటో" అని ఇంకెవరో. హైమవతి మైకులో అంతా చదివింది. తన తప్పు ఒప్పుకున్న చోటు కూడా వదల్లేదు. జనం విన్నారు. కాస్త కదిలారు. ఎందుకు కదిలారంటే పైడమ్మ లేచి వరసలో మొదట నిలబడింది.

ఆవిడకీ జ్వరం తగిలినట్టుంది, మెడ మీద ఉప్పు చారలు కట్టింది. సీసా చేతిలోకి తీసుకుని మూత మీద బొటనవేలు పెట్టి ఆగింది.

"తాగుతాను. ఒక్క మాట సెప్పు ముందు. ఎవులి సీసాలో ఏటుండేదో సెప్తానన్నావు కదా. మా నూకాలు సీసాలో ఏటుండేది?"

ఫణీంద్ర హైమవతి వైపు చూశాడు. హైమవతి పైడమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"నీళ్లే పైడమ్మా. ఒట్టి చక్కెర నీళ్లు. నువ్వు పంచినా పంచకపోయినా ఒకటే. నీ తప్పేమీ లేదమ్మా, మనసులో పెట్టుకోకు."

ఫణీంద్ర తల దించేసుకున్నాడు.

పైడమ్మ భుజం మీది చెయ్యిని మెల్లిగా తీసి పక్కకి పెట్టింది. రొంటిన దోపిన గుడ్డసంచిలోంచి వేలెడంత లైటు ఒకటి తీసింది. చేపలమ్మే ఆడవాళ్లందరి దగ్గరా ఉండేదే అది, దొంగనోటు ఇస్తే పట్టుకోవడానికి. వెనక నిలబడ్డ కాసులమ్మ చెయ్యి లాగి, చెంగు కప్పి, లైటు నొక్కింది. చెంగు చాటున ఊదారంగు వెలుగులో కాసులమ్మ చుక్క ఎర్రగా, నిప్పుకణికలా మెరిసింది.

హైమవతి ముందుకి వంగి చూసింది.

"దీనిది ఎర్రగా ఉన్నాది. మొదట్నించీ ఎరుపే" అంది పైడమ్మ. గొంతు పెంచలేదు, ఆ షెడ్డులో పెంచక్కర్లేదు. "మా గుంటది నీలానికి తిరిగినాది. కలపకముందే. రోజూ సూసుకునేవోళ్లం, అమ్మా కూతుళ్లం, చెంగు కప్పుకుని, ఇద్దరం మురిసిపోయి. దాని సీసాలో మందున్నాదని నాకు తెలుసు. దానికీ తెలుసు. 'కాసులమ్మప్పది ఎర్రగానే ఉన్నాదే అమ్మా, ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, కలిపీ' అనీసింది. నాను ఒద్దన్నాను. కాళ్లట్టుకున్నాను దానివి. ఇంట్లో ఇంత ఎట్టుకుని పక్కింట్లో ఏడుపింటా అన్నం ఎలాగ తింటానే అన్నాది. అదన్నాదని కలిపేను."

కాసులమ్మకి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. అక్కడే చతికిలబడి గుండెలు బాదుకోవడం మొదలెట్టింది.

"సగం తాడని నువ్వు మొన్న అరిసేవు సూడు, అప్పుడే అనుకున్నాను, పోనీలే, దాని సీసాలో మందున్నాదని డాక్టరమ్మకైనా తెలుస్తాదిలే అని. దానికి దక్కినది అది నలుగురికీ ఇచ్చీసి ఎల్లిపోనాదని, ఈ ఊరి మజ్జిన నీ నోటంట సెప్పిద్దామని వొచ్చి అడిగేను. నువ్వేమో నీళ్లనీసేవు." పైడమ్మ లైటుని మళ్లీ సంచిలో దోపింది. "నా గుంట నీళ్లు పంచి సచ్చిపోనాదేటమ్మా?"

"పైడమ్మా, నువ్వు బాధపడతావని..."

"నా మీద జాలేసి ఒకటి సెప్పేవు. మరా గోడ మీద ఏసినయ్యన్నీ ఎవులి మీద జాలేసి ఏసేవు?"

సీసా బల్ల మీద పెట్టేసి వెనక్కి తిరిగింది. ఆవిడ వెనకే ఇంకో సీసా బల్ల మీదికి వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఎవరూ తిట్టలేదు, రాళ్లు వెయ్యలేదు. తిట్టినా బావుండేది. వరస దానంతటదే కరిగిపోతోంది. కాసులమ్మని లేవదీసి పట్టుకెళ్తున్నారు. ఆవిడ చిన్నకూతురు, ఒళ్లంతా తెల్లగా ఉప్పు పేరుకున్న పిల్ల, అమ్మ కుచ్చిళ్లు పట్టుకుని ఏడుస్తూ నడుస్తోంది.

హైమవతి బల్ల దాటి పరిగెత్తింది. "ఆగండమ్మా! నూకాలు సీసాలో మందే! మందే ఉండేది! ఆ పిల్ల చేసింది మామూలు పని కాదు, నేను చెప్తున్నాను, అందరూ వినండి! ఈ సీసాల్లో కూడా అన్నిట్లోనూ మందే! ఒట్టు, నా బిడ్డల మీద ఒట్టు!"

ఆవిడకి బిడ్డలు లేరు. ఒకళ్లిద్దరు వెనక్కి తిరిగి చూసి మళ్లీ నడిచారు.

ఏం చెయ్యాలో తోచక హైమవతి చేతికందిన సీసా మూత తీసింది. అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది. పొలమారి కళ్లలో నీళ్లు తిరిగాయి, గొంతు పట్టుకుని దగ్గింది. ఖాళీ సీసా పైకెత్తి చూపించింది.

"చూడండి! చూడండమ్మా! నేను తాగాను!"

కాసులమ్మ కూతురు ఏడుపు ఆపి ఆవిడ వంకే చూసింది. వాళ్లమ్మ పిల్లని చంకనేసుకుంది.

"నీళ్లయితే ఎవులైనా తాగుతారు" అంది.